బైబిల్ చదవమన్నందుకు మిర్యామునయ్యాను

కృష్ణా జిల్లాలో ఒక చిన్న పట్నం నుంచి 43 ఏళ్ళ టీచరమ్మ రాసిన ఉత్తరం ఇది. ఆరు పేజీలుంది. పేరూ ఊరూ వద్దన్నారు కాబట్టి గుర్తుపట్టే వివరాలు తీసేసి సారాంశం ఇస్తున్నాను.

పెళ్ళయి ఆ ఊరు వచ్చి 19 ఏళ్ళు. మిషనరీల నాటి చర్చి. మామగారు బతికున్నన్నాళ్ళూ ఆదివారం ఆరాధనలో పాత నిబంధన పాఠం, పత్రిక (అపొస్తలుల ఉత్తరాల) పాఠం, సువార్త పాఠం మూడూ చదివేవారు. సువార్త చదివేటప్పుడు అందరూ లేచి నిలబడేవారు. ఈమెకు నెలకు రెండుసార్లు వంతు వచ్చేది. చదువు రాని అత్తగారు ముందు చాప మీద కూర్చుని విని, ఇంటికొచ్చి అన్నం వడ్డిస్తూ ఆ కథంతా మళ్ళీ చెప్పేవారట.

ఏడాదిన్నర కిందట కొత్త పాస్టరుగారు బదిలీ మీద వచ్చారు. పరాయివాడు కాదు, అత్తగారి సొంత చెల్లెలి కొడుకే. వయసు 34. నాలుగు నెలల్లో కీబోర్డు, ప్యాడ్స్ వచ్చాయి, పాటలు గంట దాటాయి. పాఠాలు మూడు కాస్తా ఒకటయ్యాయి, ఆ ఒకటీ స్క్రీన్ మీద ఒక్క వచనమై కూర్చుంది. దాని మీద గంటంబావు వర్తమానం, అంటే ప్రసంగం. అందులో సాక్ష్యాలు, కథలు, ‘మీ పక్కవాళ్ళతో చెప్పండి’ అనడాలు, చివర్లో కానుకల మాట. జనం మాత్రం పెరిగారు. 80 మంది వచ్చే చోట 200 మంది వస్తున్నారు. ఆమె కూతురు, 16 ఏళ్ళ పిల్ల, ‘ఇప్పుడే మన చర్చి బాగుందమ్మా’ అంటోంది.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ ఈమె అడిగారు, పాఠాలు ఎందుకు మానేశామని. ‘వదినా, అధ్యాయాలు చదువుతూ కూర్చుంటే యూత్ నిద్రపోతారు. వాక్యం నేను చెబుతున్నాను కదా’ అన్నారాయన నవ్వుతూ. తర్వాతి ఆదివారం వర్తమానం దేని మీదో తెలుసా? దైవజనుడైన మోషే మీద సణిగిన అతని అక్క మిర్యాముకు కుష్ఠు వచ్చిన సంగతి మీద. తలలు ఈమె వైపు తిరిగాయి. భర్త చర్చి కమిటీలో కోశాధికారి. ‘అభిషిక్తుల జోలికి పోవద్దని బైబిల్లోనే ఉంది, ఊరుకో’ అన్నారు. నాది చాదస్తమా, మాట్లాడాలా, ఊరుకోవాలా, వేరే చర్చికి పోవాలా అని ఈమె ప్రశ్న. ఉత్తరం చివర ఒక వాక్యం ఉంది: “మొన్న అత్తయ్య ‘ఈ వారం ఏం చదివారే?’ అని అడిగింది. ఏం చెప్పాలో తోచలేదు.”

అమ్మా,

ముందు ఆ మిర్యాము సంగతి తేల్చేద్దాం. మీకు నిద్ర పట్టనివ్వనిది అదేనని ఉత్తరం చూస్తే తెలుస్తోంది.

సంఖ్యాకాండము 12వ అధ్యాయం తీయండి. మొత్తం 16 వచనాలు. నిదానంగా చదివినా మూడు నిమిషాలు పట్టదు. మోషే తోబుట్టువులైన మిర్యాము, అహరోను ఇద్దరూ మాట్లాడింది మోషే పెళ్ళాడిన కూషు దేశపు స్త్రీని గురించి. ఆ తర్వాత, దేవుడు మోషే చేతనే పలికించాడా, మా చేత పలికించలేదా అన్నారు. ధర్మశాస్త్రం చదివి వినిపించమని అడిగినందుకు కాదు మిర్యాముకు కుష్ఠు వచ్చింది. సరే, మూడో వచనంలో ఏముంది? భూమి మీద అందరికంటే మోషే సాత్వికుడని ఉంది. తనను అన్న మాటకు తాను జవాబు చెప్పుకోలేదు. 13లో ఆమెను బాగు చేయమని మొర పెట్టింది ఎవరు? ఆ మోషేనే. 15లో, ఆమెను తిరిగి పాళెంలోకి చేర్చుకునే దాకా జనం ప్రయాణం సాగలేదు. ఒక్క మనిషి కోసం అంత సమాజమూ ఏడు రోజులు ఆగిపోయింది. తర్వాత మీకా 6:4లో, నేను మీకు ముందుగా పంపినవాళ్ళు వీళ్ళని దేవుడు చెప్పుకున్న ముగ్గురిలో మోషే, అహరోనులతో పాటు మిర్యామూ ఉంది.

ఆ ఆదివారం ఈ అధ్యాయం మొదటి నుంచి చివరి వరకూ పైకి చదివి ఉంటే మీ వైపు తిరిగిన తలల్లో సగమైనా మోషే వైపు తిరిగేవి. పాఠం తీసేస్తే ఏం పోతుంది అని ఎవరైనా అడిగితే మీ దగ్గరున్న జవాబు ఇదే. చదివినప్పుడు అధ్యాయం తన మాట తాను చెబుతుంది. చదవనప్పుడు అందులోంచి తీసిన ముక్క, తీసినవాళ్ళు చెప్పమన్నదే చెబుతుంది.

అలాగని ఆయన మిమ్మల్ని ఉద్దేశించే చెప్పారని నేను అనను. ఆ వర్తమానం పది రోజుల ముందే సిద్ధం చేసుకుని ఉండొచ్చు. మీకూ తెలియదు, నాకూ తెలియదు. ఏ వారం ఏం చెప్పాలో ఒక్కరే, అప్పటికప్పుడు నిర్ణయించే చోట ఈ అనుమానం ఎప్పటికీ తెగదు. మీ సీఎస్ఐ, లూథరన్ సంఘాల్లో ఏడాది పొడుగునా ఏ ఆదివారం ఏ పాఠాలో పట్టికలో ముందే వేసి ఉంటాయి కదా. కథోలిక్కుల పూజలోనూ 1969 నుంచి మూడేళ్ళ పట్టిక నడుస్తోంది: ఒక ఏడు మత్తయి, ఒక ఏడు మార్కు, ఒక ఏడు లూకా. 1992లో ప్రొటెస్టంటు సంఘాలు చాలా దాన్ని సవరించుకుని వాడుకున్నాయి. ఆ పట్టిక ఉన్నచోట పాస్టరు తనకు నచ్చని భాగం మీదా మాట్లాడాల్సి వస్తుంది. గొడవ జరిగిన మర్నాడు తనకు నచ్చిన భాగం ఎంచుకోవడానికీ వీలుండదు. పట్టిక సంఘాన్ని కాపాడుతుంది, పాస్టరునీ కాపాడుతుంది.

పట్టిక లేని సంఘాలవాళ్ళు ఇంకో దారి పట్టారు. ఒక పుస్తకం తీసుకుని మొదటి నుంచి వరసగా చదివి, వరసగా చెప్పుకుంటూ పోవడం. ప్రొటెస్టంటు సంస్కర్త కాల్విన్‌ను 1538లో జెనీవా నుంచి వెళ్ళగొట్టారు. మూడేళ్ళకు, 1541లో, మళ్ళీ మీరే రావాలని పిలిచారు. ఆయన పీఠమెక్కగానే ఎవరెవరిని దులిపేస్తాడోనని ఊరంతా చూస్తోంది. ఆయన ఎవరినీ ఒక్క మాట అనకుండా, వెళ్ళేముందు ఏ వచనం దగ్గర ఆపాడో అక్కడి నుంచే అందుకున్నాడు. మీ మరిదిగారికి ఈ కథ ఎప్పుడైనా సమయం చూసి చెప్పొచ్చు. ఎవరికీ దెప్పినట్టు ఉండదు.

ఇక మీ వారు చెప్పిన ‘అభిషిక్తుల’ మాట. అది 105వ కీర్తన. అక్కడ అభిషిక్తులంటే ఊరూరా తిరుగుతున్న అబ్రాహాము, ఇస్సాకు, యాకోబులు. కొద్దిమంది, పరదేశులు, దిక్కులేనివాళ్ళు. వాళ్ళ మీద చెయ్యి వేయొద్దని దేవుడు గద్దించింది రాజుల్ని. అధికారం ఉన్నవాళ్ళ నుంచి లేనివాళ్ళను కాపాడిన వచనం అది. దాన్ని అటు ఇటు చేసి ప్రశ్న అడిగిన ఆడమనిషి నోరు మూయించడానికి వాడుతున్నాం, మన తెలుగు సంఘాల్లో మరీను. పౌలు చెప్పింది నిజమో కాదో అని రోజూ లేఖనాలు తీసి చూసుకున్న బెరయ పట్టణంవాళ్ళను అపొస్తలుల కార్యముల పుస్తకం ఘనులంది, తిరుగుబాటుదారులు అనలేదు. ఇది మీ వారితో వాదించడానికి కాదు. ఆయన భయం వేరే. లెక్కలు ఆయన చేతిలో ఉన్నాయి, పాస్టరు తమ్ముడి వరస, రేపు ఏదైనా తేడా వస్తే ‘ఇంటి గొడవను చర్చికి తెచ్చారు’ అంటారని. ఆ భయం న్యాయమైనదే. దాన్ని తీసిపారేయకండి.

ఇప్పుడు మీకు కొంచెం చేదు మాట. ఆ పాత రోజుల పాఠాలు నిజంగా అంత బాగా చదివేవారా? మీరు బాగానే చదివి ఉంటారు, తెలుగు చెప్పే టీచరు కదా. మిగతా వారాలో? చాలా చర్చిల్లో ఏం జరిగేదో నాకు తెలుసు. గేటు దగ్గర చీటీ చేతిలో పెడతారు, అతను ఆ భాగం మొదటిసారి చూసేది మైకు ముందే. హాజరు పట్టీ చదివినట్టు చదివి, పేర్లు వచ్చిన చోట గొణిగి, ‘ఇంతటితో పాఠం ముగిసింది’ అని దిగిపోతాడు. ముందు ఏం జరిగిందో, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో వినేవాళ్ళకు తెలియదు. పైగా మన పాత అనువాదం భాష. మీకూ నాకూ అది చెవికి ఇంపు. ఇంగ్లీషు మీడియంలో చదువుకున్న 16 ఏళ్ళ పిల్లకు ‘గైకొనుట’, ‘వెరవకుము’ అంటే ఏం ఎక్కుతుంది? నేనూ ఒకసారి యోబు చదవాల్సింది పొరపాటున యోనా తీసి చదివేశాను. ఒక్కరూ గమనించలేదు. తప్పు చదివినందుకు కాదు, ఎవరూ గమనించనందుకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

కాబట్టి ‘యూత్ నిద్రపోతారు’ అన్న మాటలో నిజం ఉంది. కానీ నిద్రపోయిన యౌవనస్థుడు బైబిల్లోనే ఒకడున్నాడు, ఐతుకు. మూడో అంతస్తు కిటికీలోంచి కింద పడ్డాడు. అతనికి నిద్ర వచ్చింది పౌలు ప్రసంగం అర్ధరాత్రి దాకా సాగినందుకు. పాఠం ఎవరినీ కిటికీలోంచి పడేసినట్టు ఎక్కడా లేదు.

నెహెమ్యా 8వ అధ్యాయం చూడండి. యెరూషలేములో నీటి గుమ్మం ముందు మైదానంలో మగవాళ్ళు, ఆడవాళ్ళు, వింటే అర్థం చేసుకోగల పిల్లలు. ఎజ్రా అనే శాస్త్రి కొయ్యతో చేసిన పీఠం ఎక్కి తెల్లవారింది మొదలు మధ్యాహ్నం దాకా ధర్మశాస్త్రం చదివాడు. ఊరికే చదవలేదు. స్పష్టంగా చదివి, జనానికి తెలిసేలా అర్థం చెప్పారని ఉంది. వాళ్ళు విని ఏడ్చారు. ఏడవొద్దు, ఇళ్ళకు వెళ్ళి మంచి భోజనం చేయండి, లేనివాళ్ళకు వంతులు పంపండి అన్నారు. చదవడం, అర్థం చెప్పడం, కన్నీళ్ళు, విందు భోజనం అన్నీ ఒక్క పూటలోనే. యేసు నజరేతు సమాజమందిరంలో ముందు లేచి నిలబడి యెషయా గ్రంథం చదివాడు, చుట్టి ఇచ్చేసి కూర్చున్నాకే మాట్లాడాడు. క్రీ.శ. 155 ప్రాంతంలో రోములో జస్టిన్ అనే విశ్వాసి, మా ఆదివారాలు ఎలా జరుగుతాయో చక్రవర్తికి రాశాడు: అపొస్తలుల జ్ఞాపకాలో ప్రవక్తల రాతలో సమయం ఉన్నంతసేపు చదువుతారు, చదివేవాడు ఆపాక పెద్ద లేచి హెచ్చరిస్తాడు. ‘సమయం ఉన్నంతసేపు’ అన్నది చదవడానికే. మనం దాన్ని తిరగేశాం.

ఆ రోజుల్లో విన్నవాళ్ళలో ఎక్కువమందికి మీ అత్తయ్యగారిలాగే అక్షరాలు రావు. అందుకే ప్రకటన గ్రంథం మొదట్లో ‘చదువువాడును’ అని ఏకవచనం, విని పాటించేవాళ్ళకు ‘గైకొనువారును’ అని బహువచనం. ఒకరు చదివితే ఊరంతా వినేది. మన దగ్గరా అంతే. తెలుగులో మొదటి సువార్తలు అచ్చయింది 1812లో, బైబిల్ మొత్తం వచ్చింది 1854లో. డోర్నకల్‌కు 1912లో బిషప్ అయిన అజరయ్య గారి కాలంలోనూ పల్లెల్లో చర్చికి వచ్చేవాళ్ళలో చదువుకున్నవాళ్ళు కొద్దిమందే. విని, పాడి, కంఠతా పట్టి నిలబడ్డ విశ్వాసం వాళ్ళది. మీ అత్తయ్యగారు అన్నం వడ్డిస్తూ చెప్పే కథ ఆ పరంపరలోదే. ఫోనులో బైబిల్ ఉంది కదా, ఇంట్లో చదువుకోవచ్చు కదా అనేవాళ్ళకు ఆమె గుర్తుకు రారు.

వర్తమానం సంగతి. దాని మీద మీరు యుద్ధం చేయొద్దనే నా సలహా. ‘వాక్యానుసారమైన ప్రసంగం కావాలి’ అంటే ప్రతి పాస్టరూ తనది అదేననుకుంటాడు. 30 రిఫరెన్సులు చెప్పి ‘దొరికిందా, ఆమేన్ అనండి’ అంటూ పరిగెత్తించే ప్రసంగం కూడా పుస్తకాన్ని వదిలేసి ఉండొచ్చు. కథ చెప్పినంత మాత్రాన తప్పూ కాదు. దావీదు రాజును నాతాను ప్రవక్త పట్టుకున్నది గొర్రెపిల్ల కథతోనే. నేను చూసేది ఒక్కటే. విని ఇంటికొచ్చి ఆ భాగం తీస్తే, ఆయన చెప్పింది అందులోంచి వచ్చినట్టు కనబడాలి. కనబడకపోతే ఆ మాట ఎంత బాగున్నా ఆయన సొంతం. అయితే ఈ పరీక్ష పెట్టాలంటే ముందు భాగం చెవిన పడాలి. అందుకే మీరు పట్టుబడితే పాఠం కోసం పట్టుబడండి. అధ్యాయం పైకి చదివాక పీఠమెక్కి ఇంకేదో చెప్పడం ఎవరికైనా కష్టమే. నెమ్మదిగా ప్రసంగమే దారికొస్తుంది.

ఎలా అడగాలి? మీరు గుమ్మం దగ్గర, నలుగురు వెళ్తుండగా, ‘ఎందుకు మానేశాం’ అని అడిగారు. మీకది ప్రశ్న, 34 ఏళ్ళ పాస్టరుకు అది ఫిర్యాదులా వినబడింది. ఈసారి ఆయన్ని ఇంటికి భోజనానికి పిలవండి, మీ వారు కూడా ఉండగా. జనం పెరిగినందుకు ముందు సంతోషం చెప్పండి. అది అబద్ధం కూడా కాదు, మీ అమ్మాయి అందులో ఉంది. తర్వాత మూడు పాఠాలు అడగకండి, ఒక్కటి అడగండి. వర్తమానం దేని మీదో ఆ అధ్యాయం మొత్తం, వర్తమానానికి ముందు, నాలుగైదు నిమిషాలు. చదివేవాళ్ళను సిద్ధం చేసే పని నాది అనండి. ఒప్పుకుంటే మంచిదే. కానీ ‘వదిన అడిగింది కాబట్టి’ మొదలైనది వదిన మీద అలిగిన రోజున ఆగిపోవచ్చు. ఆ చదివే పని మీ పేరు మీద కాకుండా యూత్‌కో స్త్రీల సమాజానికో అప్పజెబితే కొంత గట్టిగా నిలుస్తుంది.

ఆయన కాదంటే కమిటీ ఉంది. ఆరాధన క్రమం పాస్టరుగారి సొంత ఆస్తి కాదు, మీ సంఘం పుస్తకంలో పాఠాలు అచ్చయి ఉన్నాయి. అడిగే హక్కు మీకుంది. కానీ మీ వారు ఆ కమిటీలోనే ఉన్నారు. విషయం పాఠాల దగ్గర మొదలై లెక్కల దగ్గరికి, అక్కడి నుంచి ఎలక్షన్ల దగ్గరికి పోవడం ఎంతసేపు? పాటల పుస్తకం దగ్గర మొదలై కోర్టు దాకా పోయిన సంఘాలు మీకూ తెలుసు. ఈ దారి పట్టాలనుకుంటే మీ వారు కాకుండా ఇంకెవరైనా ఎత్తాలి, మీ వారు ముందే ఒప్పుకోవాలి. ఆయన వద్దంటే నేనైతే ఆగుతాను.

మీరు రాయని దారి ఇంకొకటి ఉంది. ఆయనకు మీరు వదినైతే మీ అత్తయ్యగారు పెద్దమ్మ. మీకు చెప్పిన జవాబు ఆమెకు చెప్పలేరు. ‘ఏరా అబ్బాయ్, ఈ వారం ఏం చదివావో నాకు తెలియలేదు’ అని ఆమె నోటితో వస్తే అది విమర్శగా వినబడదు. మీరు మాత్రం నేర్పించి పంపకండి. ఆ మాట ఆమెదే. ఆమెకు అనాలనిపించి అన్నప్పుడు, మీరు మధ్యలో అడ్డుపడి ‘పోనీలెండి అత్తయ్యా’ అనకపోతే చాలు.

మంగళవారమో బుధవారమో ఇంట్లో నలుగురు ఆడవాళ్ళను కూర్చోబెట్టి చదవడం మొదలుపెట్టొచ్చు. ఎవరి అనుమతీ అక్కర్లేదు, అత్తయ్యగారి ఆకలి తీరుతుంది. కానీ ముందే పాస్టరుగారి చెవిన వేయండి, లేకపోతే ‘వేరే కూటం పెట్టారు’ అనే మాట పుడుతుంది. ఇంకో చిక్కుంది. ఇంట్లో తృప్తి దొరికాక ఆదివారం సంగతి మనం వదిలేస్తాం. చదువు రాని మిగతా ముసలివాళ్ళు అక్కడే ఉండిపోతారు.

వేరే చర్చికి వెళ్ళడం పాపమని నేను అనను. ఆటో ఎక్కి పది కిలోమీటర్లు అత్తయ్యగారు రాగలరా? మీ అమ్మాయి రానంటే? ఒక ఇంట్లోవాళ్ళు రెండు చర్చిలకు, అదీ పాస్టరు సొంత బంధువులు, వెళ్తున్నారంటే ఊరు ఏమంటుందో మీకు తెలుసు. అడగాల్సిన చోట మర్యాదగా అడిగి, ఒక ఏడాది చూసి, పీఠం మీద నుంచి వాక్యానికి బదులు బెదిరింపులే వస్తుంటే అప్పుడు ఆలోచించండి. ఊరుకోవడం కూడా ఒక దారే. కానీ మీరు ఆరు పేజీలు రాశారు, ఊరుకోగలిగే మనిషిలా నాకు కనబడలేదు.

మీ అమ్మాయి గురించి. ఆమెను అవతలి పక్షమని అనుకోకండి. పాస్టరుగారు ఒప్పుకున్న మొదటి ఆదివారం చదవడానికి మీరు లేవకండి, ఆమెను లేపండి. యూత్ నిద్రపోతారన్నది అప్పుడు తేలిపోతుంది. సంఖ్యాకాండము మాత్రం వద్దు, దయచేసి. వర్తమానం ఇంకా నిర్ణయం కాలేదంటే రూతు అడిగి చూడండి. నాలుగు అధ్యాయాలు, నాలుగు వారాలు. వాడుక భాష అనువాదంలో చదవనివ్వండి, మీకు నచ్చకపోయినా. చదివే ముందు రెండు వాక్యాలు తన మాటల్లో చెప్పమనండి: కరువొచ్చి ఊరు విడిచిన ఒక కుటుంబం, అక్కడ ముగ్గురు మగవాళ్ళూ పోయారు అని. శనివారం రాత్రి వంటింట్లో అత్తయ్యగారి ముందు ఒకసారి పైకి చదివించండి. ఎలీమెలెకు దగ్గర, మహ్లోను, కిల్యోనుల దగ్గర తడబడుతుంది. మీరు దిద్దకండి. ఆ పేర్లు మీ అత్తయ్యగారికి వచ్చే ఉంటాయి.